తల్లీబిడ్డల ఆరోగ్యంలో అసమానతలు: పీహెచ్‌డీ తర్వాత పరిశోధన శిక్షణకు ఏ దారి మేలు?

పెన్నాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గరి పల్లె. యానాది కాలనీల్లోని గర్భిణుల రక్తహీనత మీద ప్రజారోగ్య విభాగంలో పరిశోధన చేశాను. ఈ మధ్యనే పీహెచ్‌డీ పట్టా వచ్చింది. ఇక పోస్ట్‌డాక్టోరల్ శిక్షణకు ప్రయత్నించాలనుకుంటున్నాను. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు తల్లీబిడ్డల ఆరోగ్యంలోని అసమానతల మీదనే రెండు మూడేళ్ల పాటు యువ పరిశోధకులకు శిక్షణ ఇస్తున్నాయని తెలిసినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. అయితే అక్కడి పనిలో చాలా భాగం నల్లజాతి, తెల్లజాతి స్త్రీల మధ్య తేడాల చుట్టూ సాగుతుందని చదివాను. ఆ పద్ధతులు నేర్చుకుని వచ్చి మన కులాలకు, తెగలకు, మెట్ట మండలాలకు అన్వయించడం సాధ్యమేనా, లేక హైదరాబాదులోనే ఉండి శిక్షణ పొందడం మేలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

నా సిద్ధాంత వ్యాసంలో రక్తహీనత ఎవరిలో ఎంత ఉందో కొలవగలిగాను. ఒకే పీహెచ్‌సీ పరిధిలో, ఒకే ఏఎన్‌ఎమ్ చేతి మీదుగా అవే ఐరన్ మాత్రలు అందుతున్న రెండు వీధుల మధ్య అంత తేడా ఎందుకు వస్తోందో తేల్చడానికి మాత్రం నేను నేర్చిన పద్ధతులు చాలలేదు. ఆ కారణాల వెంట వెళ్లడం నేర్పే చోటు కావాలి. మనవారికి తెరిచి ఉన్న దారులేమిటో, దరఖాస్తులో దేనికి ప్రాధాన్యం ఇవ్వాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

గుండ్లకమ్మ

పెన్నాతీరం గారూ, మాది ఒంగోలు. అమెరికాలో ఎపిడెమియాలజీ విభాగంలో పనిచేస్తున్నాను. ముందుగా అర్హత సంగతి చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు చాలామంది అక్కడే నెలల తరబడి కాలం పోగొట్టుకుంటున్నారు. మీరు చూసిన ప్రకటనల్లో చాలావరకు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ విశ్వవిద్యాలయాలకు ఇచ్చే టీ32 అనే శిక్షణ నిధితో నడిచేవై ఉంటాయి. ఆ నిధి నుంచి భృతి తీసుకోవాలంటే అమెరికా పౌరసత్వమో, శాశ్వత నివాస హక్కో ఉండాలి. వ్యక్తులకు నేరుగా ఇచ్చే ఎఫ్32 ఫెలోషిప్‌కూ ఇదే నిబంధన వర్తిస్తుంది. కాబట్టి ప్రకటన ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, నిధి ఏదో ముందు చూసి ఆ తర్వాతే దరఖాస్తు మొదలుపెట్టండి.

మీకు తెరిచి ఉన్న దారుల్లో మొదటిది, ఒక ప్రొఫెసర్ తన సొంత పరిశోధన నిధి నుంచి నియమించుకునే పోస్ట్‌డాక్ ఉద్యోగం. దీనికి ప్రకటనల కోసం ఎదురు చూడనక్కర లేదు. ఆయన లేదా ఆమె చేసిన పనిని నిజంగా చదివి, అందులో మీ ప్రశ్న ఎక్కడ ఇముడుతుందో ఒక పేజీలో రాసి పంపితే చాలాసార్లు జవాబు వస్తుంది. రెండోది ఫుల్‌బ్రైట్–నెహ్రూ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్. పీహెచ్‌డీ వచ్చి నాలుగేళ్లు దాటనివారికి ఎనిమిది నెలల నుంచి రెండేళ్ల వరకు ఇస్తారు, ప్రజారోగ్యం కూడా అందులోని రంగాల్లో ఒకటి. దానితో వచ్చే జే‌-1 వీసాలో, తిరిగి వచ్చాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు ఉంటుంది. మీ పని ఎలాగూ నెల్లూరులోనే కనుక మీకు అది అడ్డంకి కాబోదని నా అభిప్రాయం. ఎన్‌ఐహెచ్‌దే అయిన కే99 అనే నిధికి పౌరసత్వం అక్కరలేదు గాని, అది అక్కడ పోస్ట్‌డాక్‌గా కుదురుకున్న తర్వాత ఆలోచించవలసినది.

ఇక పద్ధతులు మనకు పనికివస్తాయా అన్న మీ ప్రశ్న. 2023లో అమెరికాలో ప్రతి లక్ష సజీవ జననాలకు నల్లజాతి స్త్రీలలో 50.3 మాతృ మరణాలు, తెల్లజాతి స్త్రీలలో 14.5 నమోదయ్యాయి. పేదరికమో, చదువు లేకపోవడమో దీనికి కారణమని చాలాకాలం అనుకున్నారు. ఆ వివరణను లెక్కలతో పరీక్షించినప్పుడు అది నిలవలేదు: కళాశాల పట్టా ఉన్న నల్లజాతి స్త్రీలలో గర్భసంబంధ మరణాల రేటు, అదే చదువున్న తెల్లజాతి స్త్రీల రేటుకు 5.2 రెట్లు ఉందని 2019లో వెలువడిన విశ్లేషణ చూపింది. దానితో పరిశోధకులు స్త్రీ ప్రవర్తన నుంచి దృష్టి మళ్లించి ఆసుపత్రి నాణ్యత వైపు, నొప్పి అని చెప్పినప్పుడు వినే తీరు వైపు, జీవితమంతా భరించిన ఒత్తిడి శరీరాన్ని ముందుగానే అరగదీస్తుందన్న సిద్ధాంతం వైపు వెళ్లారు. ఆర్లీన్ జెరోనిమస్ ఈ సిద్ధాంతాన్ని 1992లోనే ప్రతిపాదించారు. మీరు అక్కడ నేర్చుకోవలసింది ఈ క్రమాన్నే. యానాది స్త్రీల విషయంలో మన దగ్గర మొదట వినబడే వివరణ ‘మాత్రలు మింగరు, చదువు లేదు’ అన్నది. దాన్ని పరీక్షకు పెట్టి, నిలవనిచోట తర్వాతి మెట్టుకు వెళ్లే విద్య వర్ణంతోనూ దేశంతోనూ ముడిపడి ఉండదు.

అన్వయం కుదరనిది ఆధారాల విషయంలో. అక్కడ ప్రతి జనన ధ్రువపత్రంలోనూ తల్లి జాతి, చదువు, గర్భకాలపు పరీక్షలు నమోదవుతాయి కాబట్టి పరిశోధకుడు కుర్చీలో కూర్చుని లక్షల కాన్పులను విశ్లేషించగలడు. మన దగ్గర ఆ హారాన్ని, అంటే ఏ రేటు లెక్కకట్టాలన్నా కింద ఉండవలసిన మొత్తం గర్భిణుల జాబితాను, మీరే కట్టుకోవాలి. అది కట్టడం అక్కడ ఎవరూ నేర్పరు.

సింహపురి వైద్యుడు

నేను కమ్యూనిటీ మెడిసిన్ బోధిస్తాను, జిల్లాలో క్షేత్ర పని చూస్తాను. గుండ్లకమ్మ గారు రాసిన చివరి మాట దగ్గరే నా అభిప్రాయం మొదలవుతుంది. హారం కట్టడం నేర్చుకోకుండా ముందే విదేశానికి వెళితే, అక్కడ సిద్ధంగా దొరికే సమాచారం మీదే చేయి తిరుగుతుంది, మెల్లగా ప్రశ్న కూడా ఆ సమాచారానికి తగినట్టు మారిపోతుంది. అందుకని మొదటి రెండేళ్లు ఇక్కడే గడపమని నా సలహా.

మన రాష్ట్రం పరిస్థితి ఏమిటో ఒకసారి చూడండి. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మాతృ మరణాల నిష్పత్తి 2018–20 నాటికి లక్షకు 45కు తగ్గింది, దేశ సగటు అప్పుడు 97. ఇంత సాధించిన రాష్ట్రంలోనే గర్భిణులలో 53.7 శాతం మందికి రక్తహీనత ఉంది, 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లి అయింది, ఐదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. అంటే గర్భిణిని ఆసుపత్రి గడప దాకా తీసుకురావడం అనే ప్రశ్నకు చాలావరకు జవాబు దొరికింది. గడప దాటిన తర్వాత ఎవరికి ఎలాంటి వైద్యం అందుతోంది, గడపకు వచ్చేలోపు తొమ్మిది నెలలు ఎలా గడిచాయి అన్నవే మిగిలిన ప్రశ్నలు. సిజేరియన్లనే తీసుకోండి. రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్‌తో జరిగాయి, ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇది 63 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6 శాతం. ఇక్కడ అసమానతకు రెండు వైపులా నష్టమే: అవసరం లేని కోత ఒకరికి, అవసరమైనప్పుడు అందని కోత ఇంకొకరికి. ఈ రెంటినీ ఒకే చట్రంలో కొలిచే పని మన జిల్లాల్లో ఎవరైనా చేపడితే ఎంతో మేలు జరుగుతుంది.

సగటు దేన్ని దాస్తుందో ఈ నేల మీదే నేర్చుకోవాలి. మూడు చిక్కులు చెబుతాను. మొదటిది జిల్లా సరిహద్దు. సర్వే జరిగినప్పుడు పాత పదమూడు జిల్లాలున్నాయి. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రాంతం ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది, గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి, చీరాల, అద్దంకి, పర్చూరు బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా పేరు చూసి పాత అంకెను కొత్త అంకెతో పోల్చితే, అసలు జరగని మార్పు జరిగినట్టు కనిపిస్తుంది. మండలాన్ని యూనిట్‌గా తీసుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. రెండోది, తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న మన ఆచారం. అత్తగారి ఊరిలో నమోదైన గర్భిణి ఏడో నెలలో పుట్టింటికి వెళ్లిపోతుంది. కాన్పు ఇంకో జిల్లాలో, బిడ్డ టీకాలు మూడో చోట. మీరు ఊరి జాబితాను పట్టుకుని వెంబడిస్తే అలా చేజారేవారిలో చిన్న వయసు తల్లులే ఎక్కువగా ఉంటారు, ఎక్కువ ముప్పు ఉన్నదీ వారికే. మూడోది గుర్తింపు పత్రాలు. నగదు బదిలీ పథకాలకు ఆధార్, బ్యాంకు ఖాతా కావాలి కాబట్టి, అవి లేని యానాది కుటుంబాలు పథకం రికార్డుల్లోనే కనిపించవు. రికార్డుల మీదే ఆధారపడిన అధ్యయనంలో ఆ కుటుంబాలకు అసలు లోటే లేదన్నట్టు తేలుతుంది.

ఇక్కడి దారుల సంగతి క్లుప్తంగా: భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్, భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగమూ వెల్‌కమ్ సంస్థా కలిసి 2008లో నెలకొల్పిన ఇండియా అలయన్స్‌లో ప్రజారోగ్య పరిశోధకుల కోసం ఉన్న ఫెలోషిప్‌లు, సామాజిక శాస్త్రాల వైపు మొగ్గు ఉంటే ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఫెలోషిప్. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. రక్తహీనత మీద పనిచేసేవారికి అక్కడి ప్రయోగశాల అనుభవం ఎంతో విలువైనది. కేంద్ర నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్‌కు 2023 సవరణ తర్వాత నెలకు 58,000 నుంచి 67,000 రూపాయలు, దాని మీద ఇంటి అద్దె భత్యం వస్తాయి.

ఉదయగిరి కోట

అమ్మా, నేను మెట్ట మండలాల్లో హెల్త్ సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాను. పెద్ద చదువుల గురించి చెప్పేంత తెలియదు గాని సర్వే గురించి ఒక మాట చెప్పాలి. మీ బృందం పొద్దున పది గంటలకు కాలనీకి వెళితే ఇళ్లలో ముసలివాళ్లు, పిల్లలు తప్ప ఎవరూ ఉండరు. పొగాకు సీజనులో ఆడవాళ్లు బ్యారన్ల దగ్గర, గ్రేడింగు షెడ్లలో ఉంటారు. నిండు నెలల వాళ్లూ ఆ ఘాటులోనే కూర్చుని ఆకు వేరు చేస్తారు. యానాది కుటుంబాలు కొన్ని రొయ్యల చెరువుల మీద కాపలాకు వెళ్లి గట్టు మీదే ఉండిపోతాయి, కాలనీ జాబితాలో పేరుంటుంది, మనుషులు మాత్రం పది మైళ్ల అవతల ఉంటారు. ‘ఇల్లు తాళం’ అని రాసుకుని వచ్చేస్తే ఎవరి కోసం సర్వే మొదలుపెట్టామో వారే పోతారు. తెల్లవారుజామునో, దీపాలు పెట్టాకనో వెళ్లండి, చెరువు గట్ల మీదికి కూడా వెళ్లండి. ఆ ఊరి ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని వెళితేనే మాట్లాడతారు. అయితే మాత్రలు మింగుతున్నారా లేదా అని అడిగేటప్పుడు మాత్రం ఆమెను కాస్త దూరంగా ఉండమనండి, ఆమె ముందు అందరూ మింగుతున్నామనే చెబుతారు.

పెన్నాతీరం

అందరికీ కృతజ్ఞతలు. సూపర్‌వైజర్ గారూ, చెరువు గట్ల సంగతి నేను చూడని కోణం కాదు గాని, దాన్ని నమూనా ఎంపికలోనే చేర్చాలన్న ఆలోచన మీ మాటతోనే వచ్చింది. ఇంకొక సందేహం. కావలి వైపు యానాది స్త్రీలను, ఉదయగిరి, కనిగిరి మెట్టల్లో ఫ్లోరైడ్ నీరు తాగే స్త్రీలను, దోర్నాల, యర్రగొండపాలెం వైపు చెంచు గూడేల స్త్రీలను కలిపి పోల్చాలని ఉంది. మూడు సమూహాలూ పేదవే అయినప్పుడు అసమానతను దేనితో కొలవాలి? దరఖాస్తులో ‘నేను నేర్చుకోవలసిన పద్ధతి ఇది’ అని చూపడానికి ఏది రాయాలి?

మన్నేరు

గణాంక శాస్త్రం నా వృత్తి కనుక ఈ ప్రశ్నకు నేను జవాబు ఇస్తాను. ఆరోగ్య అసమానతకు అందరూ వాడే సంకేంద్రణ సూచిక కుటుంబాలను సంపద వరుసలో నిలబెట్టి లెక్కకడుతుంది. మీ మూడు సమూహాలూ ఆ వరుసలో దాదాపు ఒకే చోట నిలుస్తాయి కాబట్టి అది మీకు ఏమీ చెప్పదు. తెగ, నివాసం, నీటి వనరు, వయసు కలిసి ఏర్పడే చిన్న చిన్న గుంపులను ఒక స్థాయిగా తీసుకుని, వ్యక్తుల మధ్య తేడాలో ఎంత భాగం ఆ గుంపుల మధ్య ఉందో చూసే బహుళస్థాయి విశ్లేషణ మీకు తగినది. 2018 ప్రాంతం నుంచి దీన్ని ‘మైహ్‌డా’ అనే పేరుతో విరివిగా వాడుతున్నారు. గుంపులు చిన్నవైనప్పుడు వచ్చే అస్థిరతను ఇది కొంత అదుపు చేస్తుంది. జాతీయ సర్వే సమాచారం నుంచే ఈ పని కానిద్దామనుకుంటే మాత్రం కుదరదు. జిల్లాలో షెడ్యూల్డ్ తెగల గర్భిణులను విడదీసేసరికి నమ్మదగినంత సంఖ్య మిగలదు, అందులో యానాదులెవరో చెంచులెవరో అసలే తేలదు.

తేడాను చెప్పేటప్పుడు భేదమూ నిష్పత్తీ రెండూ ఇవ్వండి. ఊరికే ఉదాహరణకు, ఒక సమూహంలో శిశు మరణాలు వెయ్యికి 40 నుంచి 20కి, మరొకదానిలో 60 నుంచి 36కు తగ్గాయనుకుందాం. భేదం 20 నుంచి 16కు తగ్గింది, నిష్పత్తి మాత్రం 1.5 నుంచి 1.8కి పెరిగింది. ఒకే సమాచారంతో ఒక అధికారి అసమానత తగ్గిందని, ఒక కార్యకర్త పెరిగిందని చెప్పగలరు, ఇద్దరి లెక్కా సరైనదే. మీరు ఏదో ఒకటే చూపితే పాఠకుడికి అన్యాయం చేసినట్టే.

హిమోగ్లోబిన్ కొలత దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత వరకు వేలి కొన నుంచి రక్తపు బొట్టు తీసేది. 2016–18 నాటి సమగ్ర జాతీయ పోషకాహార సర్వే పిల్లలకు సిర నుంచి రక్తం తీసి ప్రయోగశాలలో పరీక్షించింది, అందులో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతంగా తేలింది. దాదాపు అదే కాలానికి వేలి రక్తంతో వచ్చిన అంకె 58 శాతం పైన ఉంది. రెండు సర్వేల వయసుల పరిధి కొంత వేరే, అయినా అంత అంతరానికి వయసు ఒక్కటే కారణం కాలేదు. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రమాణాలను సవరించి, రెండో త్రైమాసికంలోని గర్భిణికి హద్దును డెసీలీటరుకు 10.5 గ్రాములుగా నిర్ణయించింది. మొదటి, మూడో త్రైమాసికాల్లో అది 11 గ్రాములే. మీ మూడు ప్రాంతాల్లోనూ ఒకే పద్ధతి, ఒకే ప్రయోగశాల, గర్భం ఎన్నో వారమో నమోదు లేకపోతే, మీకు కనిపించే తేడా కొలతలోనే పుట్టినదై ఉండవచ్చు.

ఫ్లోరైడ్ ఆలోచనను వదలకండి. ఎక్కువ ఫ్లోరైడ్ పేగు లోపలి పొరను దెబ్బతీసి పోషకాల శోషణను తగ్గిస్తుందన్న వాదనతో ఢిల్లీలో జరిగిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది; ఫ్లోరైడ్ చేరకుండా చూసి ఆహారం మెరుగుపరిచిన గర్భిణులలో హిమోగ్లోబిన్ పెరిగిందని, తక్కువ బరువు జననాలు తగ్గాయని అది నివేదించింది. ఒకే మాత్రలు అందుతున్న రెండు వీధులు వేర్వేరు బోర్ల నీళ్లు తాగుతున్నాయేమో మీ మొదటి ప్రశ్నకు సంబంధించి కూడా ఒకసారి చూడాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. నీటి పరీక్షకు అయ్యే ఖర్చు మీ బడ్జెట్‌లో చిన్న మొత్తమే అవుతుంది.

గుండ్లకమ్మ

సింహపురి వైద్యుడు గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. ఒక్క విషయంలో భేదిస్తాను: రెండేళ్లు ఇక్కడ గడిపాక వెళ్లాలంటే ఫుల్‌బ్రైట్ నాలుగేళ్ల గడువు దగ్గరపడుతుంది. అందుచేత ఇక్కడ ఫెలోషిప్‌లో చేరిన మొదటి ఏడాదిలోనే దానికి దరఖాస్తు పెట్టి, మన్నేరు గారు చెప్పిన బహుళస్థాయి విశ్లేషణను ‘నేను నేర్చుకోవలసినది’గా చూపండి. క్షేత్ర సమాచారం చేతిలో ఉన్నవారికి అక్కడి మార్గదర్శకుల దగ్గర గౌరవం ఎక్కువ.

అనుమతుల క్రమం కూడా ముందే తెలుసుకోవాలి. విదేశీ నిధి గాని, విదేశీ భాగస్వామి గాని ఉన్న ఆరోగ్య పరిశోధనకు మీ సంస్థ నైతిక సంఘం అనుమతితో పాటు ఐసీఎంఆర్ ద్వారా ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం కావాలి. దానికి పట్టే కాలాన్ని ప్రణాళికలో చేర్చకపోతే శిక్షణ కాలంలో సగం ఎదురుచూపులకే పోతుంది. చెంచు గూడేల్లో పనికి గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏతో ముందే మాట్లాడండి. గూడెం పెద్ద సరేనన్నా, ప్రతి స్త్రీ సమ్మతినీ విడిగా ఆమె దగ్గరే తీసుకోవాలి, ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు కూడా అదే చెబుతున్నాయి. మార్గదర్శకులను ఎంచుకునేటప్పుడు వారి దగ్గర ఇంతకుముందు శిక్షణ పొందినవారు ఇప్పుడు ఎక్కడున్నారో, మొదటి రచయితగా ఎన్ని వ్యాసాలు వేయగలిగారో వారినే అడిగి తెలుసుకోండి. మీరు సేకరించే సమాచారం మీద హక్కు ఎవరిది, శిక్షణ ముగిశాక దాన్ని నెల్లూరుకు తెచ్చుకోవచ్చా అన్నది చేరకముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. రక్త నమూనాలు దేశం దాటవలసిన పని పెట్టుకోకుండా హైదరాబాదులోనే పరీక్షలు చేయిస్తే అనుమతుల భారం చాలా తగ్గుతుంది. మీ ఒక పేజీ ప్రతిపాదన సిద్ధమైతే ఇక్కడే పెట్టండి, అందరం చదివి చెబుతాం.